మొగలిదొడ్డి నుంచి వచ్చిన మౌనం

ఎండకాలం ఏడో వారం, మంగళవారం

నోరు మూసుకుని కూర్చోవడం మాకు చేతకాని విద్యేమీ కాదు. పంచాయతీ మీటింగులో పన్నుల మాట వచ్చినప్పుడల్లా చేస్తూనే ఉన్నాం. కానీ ఎండెక్కిన దగ్గర్నుంచి ఎండ దిగేదాకా, ఊరు ఊరంతా ఒక్క కప్పు కింద చేరి, ఎదుటివాడి మొహం చూస్తూ, తుమ్మొచ్చినా లోపలే తుమ్ముకోవాలంటే దాన్ని ఎండకి తలదాచుకునే చలవశాల అనరు, పరీక్షహాలు అంటారు.

తలుపుకి అంటించిన ఉత్తర్వు మాత్రం బహు మర్యాదగా ఉంది. 'చలవశాలలో మౌనం పాటించవలెను. పెన్నదరి, పడమటిమెట్ట, ఉప్పుతీరం రాష్ట్రాలలో సత్ఫలితాలనిచ్చిన పద్ధతి.' మూడు పేర్లు పడ్డాయంటే ఇక తిరుగులేదు. పూర్వం ఒక రాష్ట్రం మంచిని ఇంకో రాష్ట్రం చూసి నేర్చుకునేది కాదట. పక్కింటి కూర రుచిగా ఉందని ఒప్పుకోవడం ఇంట్లో ఎంత కష్టమో ప్రభుత్వాలకీ అంతే. అందుకని చట్టం చేశారు. ఏ పద్ధతైనా మూడు రాష్ట్రాల్లో పనిచేస్తే నాలుగోది ఒక ఎండకాలం పాటించి చూడాలి. ఆఖర్న పోలికయంత్రం లెక్కలు చూసి, ఉంచాలో తీసెయ్యాలో చెబుతుంది. అది చెప్పాక మంత్రులు కూడా మౌనమే.

ఇందులో నాకూ కాస్త వాటా ఉంది. నేను తూర్పుకనుమ రాష్ట్రం పోలికల శాఖలో పనిచేస్తాను. కాగితం మీద నా ఉద్యోగానికి ఏదో పొడుగాటి పేరుంది గానీ, మా ఏటిగడ్డలో అందరూ 'చూసొచ్చేవాడు' అంటారు. పక్క రాష్ట్రంలో ఒక పథకం నేలమీద ఎలా నడుస్తోందో చూసి రావడం నా పని. ఈసారి నన్ను పంపలేదు. మౌనంలో చూడ్డానికేముంది అనుకున్నారు.

ఇవాళ తడకలు తడిపే వంతు మా ఇంటిది. మధ్యాహ్నం వట్టివేళ్ల తడకలు ఎండి గలగలమంటుంటే, నీళ్ల కోసం మా ఆవిడ ఎర్నమ్మ తలమీద తడిగుడ్డ కప్పుకుని బయటికి వెళ్ళింది. నూకాలత్త ఇంటి తలుపు తెరిచి ఉండడం చూసి తొంగి చూసింది. అత్త అరుగుమీద పడి ఉంది. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది.

నూకాలత్త అంటే మా ఊరి గొంతు. శాలలోకి ఆవిడ వస్తోందంటే ముందు తిట్లు వస్తాయి, తర్వాత కర్ర, ఆ తర్వాత అత్త. పోయినేడు ఇలాగే ఒక పూట ఆలస్యమైతే, "ముసల్ది ఇంకా రానేదేటి, సెవులు సల్లగా ఉన్నాయి" అని ఎవరో అన్నారు. వెంటనే ఇద్దరు పరిగెత్తారు. ఇవాళ ఎవరూ ఏమీ అనలేదు. శాల అంతా నిశ్శబ్దమే కదా, అందులో అత్త లేని నిశ్శబ్దం ఎవరికి తెలుస్తుంది?

బండిలో పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళారు. బతికే ఉంది. ఇంకా మాట్లాడ్డం లేదు. ఆవిడ విషయంలో అది మంచి కబురు కాదు.

ఏడో వారం, గురువారం

అత్త కళ్ళు తెరిచింది. ఇంకోసారి ఎండ తగిలితే తమ చేతుల్లో ఉండదని డాక్టరు చెప్పాడు.

శాఖ వాళ్ళిచ్చిన మాట్లాడే పలకలో హైమవతి మేడమ్‌ని పిలిచాను. ఆవిడ మా శాఖలో పై అధికారి. నా కూతురి వయసు. తెలివికి మాత్రం నాకు అత్తగారి వరస.

"మేడమ్, మాటలాపేస్తే మనుషులు బతుకుతారని ఎవరు చెప్పారండీ?"

"పెన్నదరిలో మొగలిదొడ్డి అని ఒక ఊరుంది తవిటయ్యగారూ. మూడు ఎండకాలాలుగా అక్కడ వడదెబ్బకి ఒక్కరూ పోలేదు. చుట్టూ ఉన్న ఊళ్ళన్నిటిలో పోయారు. అదే ఎండ, అవే తడకలు, అదే తిండి. యంత్రం అన్నీ పోల్చి చూసింది. ఒక్కటే తేడా. ఆ శాలలో చప్పుడు లేదు."

"లెక్కలో తప్పేమైనా..."

"మూడుసార్లు చూశాను. తప్పు లేదు. అదే నన్ను నిద్రపోనివ్వడం లేదు. మీ ఊళ్ళో అదే మౌనం ఒక మనిషిని చంపబోయింది. అక్కడ బతికించిందేమిటో మరి? వానలు పడేలోపు కారణం పట్టుకొస్తే యంత్రం ముందు పెడతాను. లేదంటే ఈ ఉత్తర్వు రాష్ట్రమంతటా శాశ్వతం."

ఎర్నమ్మ సంచీలో మజ్జిగ సీసా, ఉల్లిపాయలు పెడుతూ ఒకటే మాట అంది. "ఎల్లి సూసొచ్చీ. మళ్ళీ అక్కడ్నించి ఏటీ మోసుకొచ్చీకు."

ఎనిమిదో వారం, శనివారం

మౌనం వచ్చిన దారినే ఎదురు నడుస్తున్నాను.

ఉప్పుతీరంలో మౌనానికి జరిమానా కలిపారు. దాంతో జనం చేతి సైగలతో తిట్టుకోవడం నేర్చుకున్నారు. ఒకాయన నన్ను అయిదు వేళ్ళతో ఏదో అన్నాడు. పక్కావిడ సిగ్గుతో మొహం తిప్పుకుంది కాబట్టి అర్థం అడగలేదు. పడమటిమెట్టలో మౌనం మీద శ్రద్ధ ఇంకా ఎక్కువ. శాల నాలుగు మూలలా మైకులు పెట్టి 'దయచేసి నిశ్శబ్దం' అని ఎండ దిగేదాకా అరుస్తున్నారు.

రెండు చోట్లా ఒకే ప్రశ్న అడిగాను. ఎందుకు? ఉప్పుతీరం వాళ్ళు పడమటిమెట్టని చూపించారు. పడమటిమెట్ట వాళ్ళు పెన్నదరిని చూపించారు. మీ దగ్గర ఎవరైనా బతికారా అంటే, అది యంత్రానికి తెలుస్తుంది అన్నారు. తీరా హైమవతి మేడమ్‌ని అడిగితే తేలిందేమిటంటే, ఆ రెండు రాష్ట్రాల్లో వచ్చిన 'సత్ఫలితం' చప్పుడు తగ్గడమేనట. మౌనం పెట్టారు, మౌనం వచ్చింది, పథకం విజయవంతం. మరి మొగలిదొడ్డిలో మనుషులు బతికింది మాత్రం నిజం. దాన్ని మోసుకొచ్చేటప్పుడు దారిలో ఏదో జారిపోయింది. ఏది?

ఎనిమిదో వారం, సోమవారం

మొగలిదొడ్డి చేరాను. శాల చూసుకునేది ఖాదర్ వలీ అనే పెద్దమనిషి. నా వయసే ఉంటుంది. గడ్డం తెల్లగా, మాట చల్లగా.

"యా ఊరప్పా నీది? మౌనం సూడనీకి ఇంత దూరం వచ్చినావా?" అని నవ్వాడు. "సూడు మరి. సూసేది ఏముండాదో నాకూ చెప్పు."

కూర్చున్నాను. నిజమే, గుండుసూది పడితే వినిపిస్తుంది. తూర్పు గోడ వారగా సగం ఊరు, పడమటి గోడ వారగా సగం ఊరు, మధ్యన ఎవరూ తొక్కని ఖాళీ. ఎవరూ ఆవలించడం కూడా లేదు. మాట్లాడకపోతే ఊపిరి ఆదా అవుతుంది, నోరు ఎండదు, ఒంట్లో తడి నిలుస్తుంది. ఇదే కారణమని నాకు గట్టిగా అనిపించింది. అంతా వివరంగా పలకలో రాసి పంపాను.

మేడమ్ జవాబు: 'మా యంత్రం కూడా సరిగ్గా ఇదే ఊహించింది. అందుకే నాకు నమ్మకం కుదరడం లేదు. వాళ్ళు మాట్లాడరు సరే. ఎటు చూస్తుంటారు?'

నేను అది చూడనేలేదు. నా పేరు చూసొచ్చేవాడు.

ఎనిమిదో వారం, బుధవారం

ఎటు చూస్తారంటే, గుమ్మం వైపు. మనిషి లోపలికి వచ్చినప్పుడల్లా అన్ని తలలూ లేస్తాయి. అయితే ఎవరూ తమ వాళ్ళని చూడరు. తూర్పు గోడ వాళ్ళు పడమటి గోడకి చేరే మనిషిని చూస్తారు. పడమటి వాళ్ళు తూర్పు మనిషిని. పెళ్ళిలో అవతలి పక్షం వాళ్ళు నగలు చూసినట్టు.

ఈ ఉదయం తూర్పు వైపు కూర్చున్న ఓబులమ్మవ్వ ఎదుటి గోడ దగ్గర ఒక ఖాళీ చోటు కేసి గడ్డం ఎత్తి, పెదవి విరిచి, నవ్వింది. చప్పుడు లేకుండా అంత పెద్ద నవ్వు నేనెక్కడా చూడలేదు. ఖాదర్ వలీ లేచి వెళ్ళి, పడమటి వైపు పెద్ద బయ్యన్న చెవిలో ఏదో చెప్పాడు. బయ్యన్న మొహం ఎర్రబడింది. ఇద్దరు మొగవాళ్ళు బయటికి దూకారు. కాసేపటికి ఒక ముసలాయన్ని మంచంతో సహా మోసుకొచ్చి ఆ ఖాళీలో దించారు. బయ్యన్న ఓబులమ్మవ్వ వైపు తిరిగి మీసం తడుముకున్నాడు.

ఖాదర్‌ని బయటి పంచలోకి లాక్కెళ్ళాను. "ఏం చెప్పావయ్యా చెవిలో?"

"మీ చిన్నాయన రాల్యా, ఓబులమ్మవ్వ నగుతాంది, అని చెప్పినా. అంతే."

"ఆవిడే చెప్పొచ్చు కదా?"

ఖాదర్ నన్ను జాలిగా చూశాడు. "మాటల్లేవప్పా వాళ్ళకు. తూర్పు వీధికి, పడమటి వీధికి. నాతో రెండు వీధులూ మాట్లాడతాయి, వాళ్ళకు వాళ్ళు మాట్లాడుకోరు."

"ఎందుకు?"

"బండలాగుడు."

సంగతి ఇది. ఈ ఊళ్ళో ఎద్దులు ఉన్న రోజుల్లో ఆఖరిసారి బండలాగుడు పోటీ పెట్టారు. తూర్పు వీధి జత గెలిచిందని తూర్పు, పడమటి జత గెలిచిందని పడమర. తేడా జానెడు. మరుసటేడు మళ్ళీ లాగించి తేల్చుకుందామనుకున్నారు. ఆ ఏడు ఎండలు ముదిరాయి. ఎద్దులు పోయాయి, పోటీ పోయింది. తగాదాకి మాత్రం వడదెబ్బ తగల్లేదు.

"తర్వాత శాల కట్టిరి," అన్నాడు ఖాదర్. "రెండు వీధులూ ఒగ కప్పు కిందికి రావల్ల. మాటల్లేవు గదా, ఊరికే సూసుకుంటా కూర్చునిరి. ఒగనాడు తూర్పోళ్ళ ముసిల్ది ఎండకు పడిపాయ. పడమటోళ్ళు నగిరి, ఇంట్లో ముసిల్దాన్ని కూడా సూసుకోల్యాకపాయిరి, వీళ్ళంట ఎద్దుల్ని సాకేది, అని. ఆ మాట తూర్పోళ్ళకు పొడుసుకున్యాది. ఇంగ అంతే. ఆ పొద్దునుంచీ యా పక్కా ఒగ మనిషి తగ్గనీరు."

శాలలోకి తిరిగొచ్చి కూర్చున్నాను. మంచం మీది చిన్నాయన తడిగుడ్డ కింద హాయిగా గురక పెడుతున్నాడు. ఈ ఊరి మౌనం లోపల ఎంత సందడి ఉందో! మూడు రాష్ట్రాలు ఊరినుంచి మూత మోసుకెళ్ళి, కుండ ఇక్కడే వదిలేశాయి.

తొమ్మిదో వారం, శుక్రవారం

రాజధానిలో పోలికల శాఖ. మేడమ్ అంతా విని, కుర్చీలో వెనక్కి వాలి, చాలాసేపు నవ్వింది. తర్వాత నవ్వు ఆపి అసలు ప్రశ్న వేసింది.

"సరే తవిటయ్యగారూ. ఇప్పుడు ఉత్తర్వులో ఏమని రాద్దాం?"

"మౌనం తీసెయ్యమని."

"తీసెయ్యడానికి యంత్రం ఒప్పుకోదు. మౌనం లేకుండా కూడా ఆ ఫలితం వస్తుందని ఒక ఊళ్ళో చూపించాలి. అక్కడ మనుషుల్ని బతికిస్తున్నది తగాదా. తగాదాని ఎలా పంపిణీ చేస్తాం?"

"మనవాళ్ళకి తగాదా పెట్టుకోవడం ఒక పనా మేడమ్? మెటీరియల్ కూడా సప్లై చెయ్యక్కర్లేదు."

నేను సరదాకే అన్నాను. ఆవిడ పలక తీసుకుని రాసుకోవడం మొదలెట్టింది. సర్కారులో జోకులెయ్యడం ప్రమాదం. సంతకం పడిందంటే పథకమైపోతుంది.

"మీ ఊరికి మాత్రం మినహాయింపు తెస్తాను," అంది. "వానలు పడేదాకా ఏటిగడ్డలో మాట్లాడుకోవచ్చు. పై వీధి, కింది వీధి ఎదురెదురుగా కూర్చోవాలి. అవతలి వీధిలో ఎవరు రాలేదో కనిపెట్టి ఎత్తిపొడవాలి. పనిచేస్తే మౌనం పోతుంది. చెయ్యకపోతే మీ ఊరికీ మళ్ళీ మౌనమే."

పదో వారం, గురువారం

పనిచెయ్యడం లేదు.

మా ఊరి వాళ్ళకి ఒక జబ్బుంది. మంచితనం. కింది వీధిలో ఒక మనిషి రాకపోతే పై వీధి వాళ్ళు ఎత్తిపొడవాలి కదా. "పాపం, రాతిరి ఇత్తనాలేసి అలిసిపోనాడు, తొంగోనియ్యండి" అంటున్నారు. "ఆలింటికి సుట్టాలొచ్చినారు, మనకెందుకు" అంటున్నారు. అవతలివాడికి వంక కూడా వీళ్ళే వెతికిపెడుతున్నారు. నిన్న ఇద్దరు రాలేదు. చివరికి ఎర్నమ్మ వెళ్ళి చూస్తే ఒకతను నిజంగానే నిద్రపోతున్నాడు, ఇంకొకతను కళ్ళు తిరిగి గోడకి ఆనుకుని ఉన్నాడు. మరో గంటైతే ఏమయ్యేదో.

మేడమ్‌కి ఉన్నదున్నట్టు చెప్పాను. "మొగలిదొడ్డిలో ఎదుటివాడు నిద్రపోతున్నాడని ఎవరూ అనుకోరు కాబోలు," అంది. "ఓడిపోయాడు అనుకుంటారు." ఆ మాట నిజం. మాకు ఎద్దులూ లేవు, జానెడు తేడా కూడా లేదు. ఉత్తర్వు చూసి కోపం ఎలా తెచ్చుకుంటాం?

రేపు నూకాలత్తని ఇంటికి తీసుకొస్తున్నారు. ఆ గోడకి ఆనుకున్న మనిషి నా కళ్ళముందే ఉన్నాడు. ఈసారి ఆ చోట అత్త ఉంటే?

పదకొండో వారం, సోమవారం

మొన్న శుక్రవారం అత్త వచ్చింది. చిక్కిపోయింది. గొంతు చిక్కలేదు.

శాలలోకి వచ్చి, కర్ర కింద పెట్టి, ఎదురెదురు వరసలు చూసింది. తలుపు మీది పాత ఉత్తర్వు చూసింది. మాట్లాడొద్దని అసలు ఎవరు పెట్టారని నిలదీసింది. గవర్నమెంటు అన్నారు. ఈ ఊళ్ళో గవర్నమెంటు ఎవరు అంది. అందరూ కలిసి నన్ను చూశారు. మంచివాళ్ళు కదా, అబద్ధం చెప్పలేకపోయారు.

"ఒరే తవిటిగా! నువ్వేరా?"

"నేను కాదత్తా, పెన్నదరిలో ఒక ఊరు..."

"పెన్నదరోడొచ్చి నా నోరు కట్టీసినాడేటి? పొద్దు పొడిస్తే నీ మొకం సూస్తన్నాను, నానున్నానో పోయానో సూడ్డానికి నీకు కల్లు నేవా? మా ఈదోల్లం మనుసులం కామేటి? మీ పై ఈదోల్లకి ఉజ్జోగాలు, మాకు వడదెబ్బలా?"

కింది వీధి వరసలో ఎవరో "నిజమే కదేటి" అన్నారు. పై వీధి నుంచి మా ఎర్నమ్మ లేచింది.

"అత్తా, నిన్ను ఎత్తుకొచ్చిన దాన్ని నాను! మా ఈదిదాన్ని! మీ ఈదోల్లు ఒక్కరైనా వొచ్చినారా?"

అంతే. ఏళ్ళ తరబడి అడుగున పేరుకున్నదంతా పైకి లేచింది. కుళాయి ఏ వీధికి ముందొచ్చింది, పోయిన జాతరలో అమ్మవారి గరగ ఎవరు తలకెత్తారు, అన్నీ. తిట్టుకోవడంలో మధ్య మధ్య నవ్వులు కూడా పడుతున్నాయి. అయినా మొహాలు మాత్రం ఎర్రగానే ఉన్నాయి.

మర్నాడు అందరూ ఎండెక్కకముందే వచ్చేశారు. వచ్చి, ఎదుటి వరసని లెక్కపెట్టుకున్నారు.

పన్నెండో వారం, ఆదివారం

ఎవరూ తగ్గడం లేదు. ఎవరినీ తగ్గనివ్వడం లేదు. కింది వీధి అప్పన్న కాలు బెణికి ఆలస్యమైతే పై వీధి నుంచి నలుగురు ఒకేసారి, "ఏటే నూకాలత్తా, మీ వోడు బయపడి పోనాడేటి?" అన్నారు. అత్త తనే కర్ర పట్టుకుని బయల్దేరబోతే ఆపి, ఇద్దరు వెళ్ళి అప్పన్నని భుజాల మీద తెచ్చారు. వాడు సిగ్గుతో చచ్చాడు. ఎండతో చావలేదు.

ఒక్క సందేహం మాత్రం నన్ను తొలుస్తోంది. మొగలిదొడ్డి వాళ్ళది పచ్చి పగ. మాది సగం ఆట. సాయంత్రం ఎండ దిగాక, పై వీధి ఎర్నమ్మ కింది వీధి అత్తకి గంజి పట్టుకెళుతోంది. అత్త తాగి, గిన్నె బాగా తోమలేదని తిట్టి పంపిస్తోంది. మరి రెండు చోట్లా ఫలితం ఒకటే ఎందుకొచ్చింది? పగ ఉన్నా వచ్చింది, లేకపోయినా వచ్చింది. మాట ఉన్నా వచ్చింది, లేకపోయినా వచ్చింది.

పదమూడో వారం, బుధవారం

నిన్న సాయంత్రం మొదటి మబ్బు వచ్చింది. చినుకు పడలేదు గానీ, యంత్రం తీర్పు మాత్రం పడింది. ఎర్నమ్మ తలుపు మీది ఉత్తర్వు చింపి పొయ్యిలో పెట్టింది. తూర్పుకనుమలో మౌనం రద్దు.

ఉదయం మేడమ్ పిలిచింది. గొంతులో సంతోషం, వెనకే కంగారు.

"తవిటయ్యగారూ, ఉప్పుతీరం వాళ్ళు అప్పుడే అడుగుతున్నారు. మీ ఏటిగడ్డ పద్ధతి పంపండి అని. వాళ్ళ చూసొచ్చేవాడు రేపు బస్సెక్కుతాడు. ఏం పంపాలి? ఎదురెదురు వరసలా? తిట్లా? వాళ్ళు తిట్లకి ఒక పట్టిక తయారుచేస్తామంటున్నారు."

"వద్దని చెప్పండి మేడమ్."

"మరి ఏది మొయ్యాలో మీరే రాసివ్వండి. ఒక్క వాక్యం చాలు. రెండోది ఎవరూ చదవరు."

పొద్దున్నుంచీ ఆ ఒక్క వాక్యంతోనే కుస్తీ పడుతున్నాను. రాసి కొట్టేస్తూ, కొట్టేసి రాస్తూ, ఎండ అరుగెక్కిన సంగతే చూసుకోలేదు. ఎర్నమ్మ ఎప్పుడో శాలకి వెళ్ళిపోయింది. దగ్గర దగ్గరగా వచ్చేశాననే అనిపిస్తోంది. మేడమ్, ఇది రాసుకోండి. వరసలు వదిలెయ్యండి, తిట్లు వదిలెయ్యండి, మౌనం అన్నిటికంటే ముందు వదిలెయ్యండి. మొయ్యాల్సిందల్లా

అదిగో, శాల నుంచి ఒకటే కేక. వీధంతా మోగిపోతోంది.

"ఒరే తవిటిగా! మీ పై ఈది పెద్దమనిసి రానేదర్రా! సూడండి సూడండి, గవర్నమెంటు ఎండకి ఎండిపోనాది! బేగొస్తావా, నన్నే రమ్మంతావా?"

ఆవిడ నిజంగానే వచ్చేస్తుంది. ఈ ఎండలో గడప దాటకూడని మనిషి. కర్ర చప్పుడు కూడా వినపడుతోంది. ఉండత్తా, కదలకు, వచ్చేస్తున్నాను, ఈ ఒక్క ముక్క రాసి... మేడమ్, మొయ్యాల్సిందల్లా ఇంతే, ఊళ్ళో ప్రతి మనిషికీ, వాడు రాలేదని ముందుగా కనిపెట్టే ఇంకో మనిషి ఎవరో ఒకరు, అది పగతో అయినా సరే, గంజి గిన్నెతో అయినా